ఇద్దరికి ఒక యుద్ధం: ఇంటి కంప్యూటర్‌లో ఏ కోటల ఆట ఎంచుకోవాలి?

కిందటేడు వేసవి సెలవులకు మా అక్క కొడుకు వచ్చాడు. పన్నెండేళ్లవాడు, చదరంగం బాగానే ఆడతాడు. "మామయ్యా, కత్తులూ కోటలూ ఉండే ఆట ఏదైనా ఇద్దరం ఆడదాం" అన్నాడు. అంతకు కొన్నాళ్ల ముందే సేల్‌లో చవగ్గా వచ్చిందని ఒక పెద్ద మధ్యయుగపు యుద్ధాల ఆట కొని పడేసి ఉంచాను. ఉత్సాహంగా పెట్టాం. గంటన్నర డౌన్‌లోడ్ అయ్యాక తెలిసింది, ఇద్దరు ఆడాలంటే రెండు కంప్యూటర్లు, రెండు కాపీలు ఉండాలట. ఇంట్లో ఉన్నది ఒకే లాప్‌టాప్. అదీ ఫ్యాను రొద పెట్టే పాతది. వాడు మర్యాదకు "పర్లేదులే మామయ్యా" అన్నాడు గానీ మొహం చూడలేకపోయాను.

ఆ నెల రోజుల్లో వాడితోనూ, ఆ తర్వాత డాలస్‌లో ఉన్న మా తమ్ముడితోనూ ఇద్దరికి, సులభంగా, ఒక సాయంత్రానికి సరిపోయే కోటల ఆట ఏదో తేల్చుకోవాలని కొన్ని ఆడి చూశాను. ఏది మంచి ఆట అని వెతికితే నెట్‌లో వంద పేర్లు వస్తాయి, అన్నీ మంచివే అంటారు. నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సింది కుర్చీల సంగతి. ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుంటారా, చెరో కంప్యూటర్ ఉందా, లేక అవతలివాళ్లు వేరే ఊళ్లో ఉన్నారా? ఇది తేలితే వందలో తొంభై పేర్లు వాటంతటవే పోతాయి.

ఒకే కంప్యూటర్ ఉంటే

ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడటాన్ని హాట్ సీట్ అంటారు. నా వంతు అయ్యాక లేచి కుర్చీ నీకిస్తాను, అంతే. చదరంగంలో ఒక ఎత్తు అయితే ఇక్కడ ఒక్కో వంతులో సైన్యం మొత్తాన్ని కదపొచ్చు. ఈ పద్ధతిలో ఆడటానికి నేను మొదట చెప్పే పేరు 'బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్'. డేవిడ్ వైట్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టగా 2003లో వచ్చింది. అప్పట్నుంచీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే దాన్ని పెంచుతున్నారు. పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మా పాత లాప్‌టాప్ మీద ఫ్యాను కూడా పెద్దగా మోగలేదు.

మైదానం తేనెపట్టులా ఆరు పలకల గడులుగా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక నాయకుడు, ఒక కోట. మామూలుగా వంద బంగారు నాణేలతో మొదలు. నాయకుడు కోటలో నిలబడితేనే కొత్త సైనికులను చేర్చుకోగలం. మైదానంలో అక్కడక్కడా ఊళ్లుంటాయి. ఊరు పట్టుకుంటే ఆదాయం, గాయపడినవాణ్ని అందులో ఉంచితే వంతుకు 8 పాయింట్ల చొప్పున కోలుకుంటాడు. ఎదుటి నాయకుణ్ని చంపితే గెలుపు. నియమాలు ఇంతే. పావుగంటలో చెప్పేయొచ్చు. నిజానికి నేను చెప్పింది తక్కువ, వాడే నొక్కి చూసి నేర్చుకున్నాడు.

ఎల్ఫులు, మరుగుజ్జులు, లేచి నడిచే శవాలు ఉంటాయి కాబట్టి ఇది చరిత్ర కాదు, కత్తులతో కూడిన జానపద కథ. అయినా మధ్యయుగపు పోరు తర్కం అందులో భలే కుదిరింది. మొదటిరోజు జరిగింది చెబితే అర్థమవుతుంది.

ఇద్దరం లాయలిస్టులనే తీసుకున్నాం. అంటే ఈటెవాళ్లు, విలుకాళ్లు, గుర్రపు రౌతులు ఉండే మనుషుల సైన్యం. నేను 23 నాణేలు పోసి ఒక రౌతును కొన్నాను. రౌతు దూకితే దెబ్బ రెట్టింపు పడుతుంది. మా వాడి దగ్గర గడ్డి మైదానంలో ఒక ఈటెవాడు ఒంటరిగా కనిపించాడు. వాడి ధర 14 నాణేలు. మధ్యాహ్నం వేళ, నా రౌతుకు బలం ఎక్కువ. సందేహం లేకుండా మీదకు తోలాను. నేను చదవకుండా వదిలేసిన సంగతి ఏమిటంటే, దూకినప్పుడు రౌతు కొట్టే దెబ్బే కాదు, తినే దెబ్బ కూడా రెట్టింపే. ఈటెవాడు తన మీదకు వచ్చినవాడికంటే ముందు తనే పొడుస్తాడు. పైగా పోటు ఆయుధానికి గుర్రం మామూలుకంటే ఎక్కువ గాయపడుతుంది. పగటి బలం నాకు ఎంత ఉందో అతనికీ అంతే. ఒక్కో పోటుకు ఇరవై పైచిలుకు చొప్పున రెండు పోట్లు తగిలాయి, గుర్రం నేల కూలింది. "మామయ్యా, నీ గుర్రం అయిపోయింది" అని వాడు పగలబడి నవ్వాడు. ఈటెల వరుస మీదకు గుర్రాలు తోలకూడదన్న ముక్కను ఏ పాఠ్యపుస్తకం నాకు అంత గట్టిగా నేర్పలేదు.

చదరంగం వచ్చినవాళ్లకు ఇందులో కొత్తగా అనిపించేవి రెండు. ఒకటి నేల. మామూలు కాల్బలం మైదానంలో ఉంటే తప్పించుకునే అవకాశం 40 శాతం, అడవిలో 50, ఊరిలో గాని కోటలో గాని ఉంటే 60. అదే గుర్రం అడవిలోకి వెళ్తే 30కి పడిపోతుంది. కాబట్టి ఎవరిని పెట్టావన్నదెంతో, ఎక్కడ పెట్టావన్నదీ అంతే. రెండోది పొద్దు. ఆరు వంతులకు ఒక రోజు తిరుగుతుంది. లాయలిస్టుల వంటివాళ్లకు పగలు 25 శాతం బలం పెరిగి, రాత్రి అంతే తగ్గుతుంది. శవాల సైన్యానికీ, ఓర్కులనే రాక్షసులకూ ఇది తిరగబడుతుంది. దాంతో సూర్యాస్తమయం అవుతుంటే వెనక్కి తగ్గి ఊళ్లు కాపాడుకోవడం, తెల్లవారగానే ముందుకు తోసుకురావడం, ఇలా ఆటకు ఒక ఊపిరి వస్తుంది. మా వాడికి ఇది అర్థం కావడానికి మూడు ఆటలు పట్టింది. అర్థమయ్యాక నేను గెలవడం కష్టమైంది.

మామూలుగా ఆరు సైన్యాలు ఎంచుకోవడానికి ఉంటాయి, ఒకదానికొకటి పోలిక ఉండదు. మన పులిజూదం గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు. ఇద్దరి చేతిలోనూ ఒకే బలం లేదు, ఒకే పని కూడా కాదు, అయినా ఆట సరిసమానం. గుడి మండపాల రాతి నేల మీద చెక్కిన ఆ గీతలు చూసి పెరిగినవాళ్లకు వెస్‌నోత్‌లో మరుగుజ్జులు ఒకరు, శవాలు ఒకరు పట్టుకుని ఆడటం వింతగా ఉండదు. అయితే మొదటి రెండు మూడు ఆటలు ఇద్దరూ ఒకే సైన్యం తీసుకోండి. ఓడినప్పుడు "నీదే మంచి సైన్యం" అనే గొడవ ఉండదు.

గొడవ మాట వచ్చింది కాబట్టి అదృష్టం గురించి చెప్పాలి. వెస్‌నోత్‌లో ప్రతి దెబ్బా పాచిక వేసినట్టే. 60 శాతం అవకాశం ఉన్న దెబ్బలు వరసగా నాలుగు తప్పిపోవచ్చు. చదరంగానికి అలవాటు పడినవాళ్లకు ఇది చిరాకు. మా వాడు ఒకరోజు "నాకు ఒక్కటీ తగల్లేదు" అని అలిగాడు. ఆటలోనే గణాంకాల పట్టిక ఒకటి ఉంటుంది, లెక్క ప్రకారం ఎంత దెబ్బ పడాలి, నిజంగా ఎంత పడింది అని చూపిస్తుంది. తెరిచి చూస్తే వాడికే నాకంటే ఎక్కువ కలిసొచ్చింది! ఆ పట్టిక ఇంట్లో శాంతికి చాలా అవసరం. అదృష్టం అసలు పనికిరాదు అనుకునే మనిషి ఎదురుగా ఉంటే మాత్రం వెస్‌నోత్ పెట్టకండి, చదరంగమే ఆడండి.

మ్యాపు విషయంలో తప్పు చేయొద్దు. పెద్ద మ్యాపు అందంగా కనిపిస్తుంది, అందులో సైన్యాలు ఎదురుపడేసరికి టీ చల్లారిపోతుంది. ఇద్దరి కోసమే చేసిన మ్యాపులు జాబితాలో విడిగా ఉంటాయి. 'ద ఫ్రీలాండ్స్', 'వెల్డిన్ చానెల్' లాంటివి. వాటితో మొదలుపెట్టండి. గంటా గంటన్నరలో తేలిపోతుంది.

హాట్ సీట్‌లో నా రెండో ఎంపిక 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3'. 1999లో వచ్చిన ఆట, ఇప్పటికీ దీని కోసం చచ్చిపోయేవాళ్లున్నారు. ఇందులో పట్టణం కట్టుకోవాలి. రోజుకు ఒక్క భవనమే. ఏడు రోజులకు ఒక వారం, వారం మొదటిరోజున కొత్త సైనికులు పుట్టుకొస్తారు. ఆదివారం రాత్రి పొయ్యి మీద పప్పు ఉడికేదాకా ఆగినట్టు సోమవారం కోసం ఆగుతాం. వెస్‌నోత్ అంతా పోరే అయితే, ఇందులో సగం కాపురం. బంగారం, కలప, రాయి కూడబెట్టడం, దారిలో దొరికిన పెట్టె తెరవడం లాంటివి పిల్లలకు మహా ఇష్టం.

దీనితో చిక్కు ఒకటే, వేచి ఉండటం. నా వంతు అయిదారు నిమిషాలు పడుతుంది, ఆ సమయంలో అవతలివాడు గోడ చూస్తూ కూర్చోవాలి. తెర చూస్తే నా సైన్యం ఎక్కడుందో తెలిసిపోతుంది కదా. మా వాడు ఆ ఖాళీలో మామిడికాయ ముక్కలు కోసుకొచ్చి ఉప్పూ కారం అద్దుకుని తినేవాడు. మౌసు మీద కారం మరకలు ఇంకా ఉన్నాయి. చిన్న మ్యాపు, అంటే 36 గడులు నిలువు, 36 అడ్డం ఉన్నది, ఎంచుకుంటే ఒక సాయంత్రంలో అవుతుంది. అన్నిటికంటే పెద్దదానిలో 144 ఉంటాయి. దాని జోలికి వెళ్తే సెలవులన్నీ అందులోనే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 2015లో బొమ్మలు మెరుగుపరిచి ఒక హెచ్‌డీ ఎడిషన్ తెచ్చారు. దానిలో తర్వాత వచ్చిన విస్తరణలు, అంటే అసలు ఆటకు జోడించే అదనపు భాగాలు, లేవు. విస్తరణలన్నీ కలిసి ఉన్న పాత 'కంప్లీట్' తీసుకోండి. పేరులో హెచ్‌డీ ఉందని మోసపోవద్దు.

చెరో కంప్యూటర్ ఉంటే

ఇక్కడికొచ్చేసరికి అందరి నోటా ఒకటే పేరు: 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'. 1999లో ఎన్సెంబుల్ స్టూడియోస్ చేసింది. 2000ల మొదట్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లలో హాస్టల్ కంప్యూటర్ల నెట్‌వర్క్ మీదో, నెట్ సెంటర్‌లోనో దీన్ని ఆడనివాళ్లు నాకు తక్కువే తెలుసు. గంటకు ఇంతని కట్టి నలుగురం వరసగా కూర్చుని, "ఒరేయ్, నా మీదకు రావద్దురా ఇంకా కోట కట్టలేదు" అని అరుచుకున్న రోజులు. ఇప్పుడు ఆడాలంటే 2019 నవంబరులో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ అనే కొత్త రూపం తీసుకోవాలి. ఇద్దరికీ చెరో కాపీ, చెరో కంప్యూటర్, ఇంటర్నెట్ కావాలి. కంప్యూటర్‌లో దాదాపు 30 జీబీ చోటు ఖాళీ ఉంచుకోండి.

ఇది వంతుల ఆట కాదు. గడియారం ఆగదు. నువ్వు ఆలోచిస్తున్నప్పుడు అవతలివాడు ముగ్గురు పల్లెవాసులను పుట్టించేస్తాడు. మొదలయ్యేటప్పుడు చేతిలో ఒక టౌన్ సెంటర్ (ఊరి ముఖ్య భవనం), ముగ్గురు పల్లెవాసులు, ఒక గుర్రపు వేగులవాడు. దగ్గర్లో గొర్రెలు. ఆహారం, కలప, బంగారం, రాయి సేకరించి ఒక యుగం నుంచి ఇంకో యుగానికి ఎదగాలి. ఫ్యూడల్ యుగానికి 500 ఆహారం, ఆ తర్వాత కోటల యుగానికి 800 ఆహారం, 200 బంగారం. పోరులో ఈటెవాడు గుర్రాన్ని, గుర్రం విలుకాణ్ని, విలుకాడు ఈటెవాణ్ని కొడతాడు. ఈ ముడి ఒక్కటి తెలిస్తే ఆట పట్టుబడుతుంది.

పట్టుబడుతుందన్నానే గానీ ఇందులో కొత్తవాడికీ పాతవాడికీ మధ్య తేడా దారుణం. నేను ఆడి పదేళ్లు దాటినా చేతివేళ్లకు షార్ట్‌కట్‌లు గుర్తున్నాయి. మా బావమరిదితో ఆడితే అతని పల్లెవాసి మాంసం కోసం అడవిపందిని టౌన్ సెంటర్ దాకా రప్పించబోయి దాని కోరలకు బలైపోతే, అతను ఆ సంగతి గమనించేసరికి నా గుర్రాలు ఊళ్లోకి దిగాయి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. "బావా, దీనికంటే పేకాటే నయం" అని లేచిపోయాడు. తప్పు నాదే. అనుభవం తేడా ఉన్నప్పుడు ఎదురెదురుగా ఆడకూడదు. ఇద్దరూ ఒక జట్టులో చేరి కంప్యూటర్‌ను ఓడించడానికి చూడండి. ఎదురుగానే ఆడాలనుకుంటే 'అరేనా' మ్యాపు పెట్టండి. అందులో మొదటి నుంచే ఎవరి ఊరి చుట్టూ వాళ్లకు రాతిగోడ ఉంటుంది, కొత్తవాడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. టెన్షన్ తట్టుకోలేని వాళ్లకు మాత్రం ఏ మ్యాపు పెట్టినా ఈ ఆట నప్పదు.

మనవాళ్లకు ఒక ఆకర్షణ. 2022 ఏప్రిల్‌లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అని ఒక విస్తరణ వచ్చింది, దానికి విడిగా డబ్బు కట్టాలి. ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు కొత్తగా వచ్చారు, అంతకుముందు 'ఇండియన్స్' అని ఉన్నవాళ్లు హిందుస్తానీలయ్యారు. ద్రావిడులకు ఉరుమి అనే వంగే కత్తి తిప్పే వీరులు, ఏనుగులు ఉంటాయి. యూరప్ తరహాలో కవచం తొడిగిన 'నైట్' రౌతులు ఉండరు. రాజేంద్ర చోళుడి కథ కూడా ఉంది. కాకతీయులకు, విజయనగరానికి విడిగా చోటు లేదు. ఓరుగల్లు కోట గోడలు చూసినవాడికి కొంచెం రోషం వస్తుంది, సర్దుకోవాలి.

కోట కట్టడమే ఇష్టమనుకుంటే 2002 నాటి 'స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్' చూడొచ్చు. ఎడారిలో పచ్చదనం ఉన్నచోటే పొలాలు వేయాలి, రొట్టెలు చేయాలి, ప్రజలను సంతోషపెట్టాలి, గోడల మీద విలుకాళ్లను నిలపాలి. సరదాగానే ఉంటుంది. ఇద్దరి పోటీకంటే ఒక్కరే కంప్యూటర్‌తో ఆడుకోవడానికి బాగుంటుందని నా అభిప్రాయం.

అవతలివాళ్లు దూరంగా ఉంటే

మా తమ్ముడికీ నాకూ మధ్య పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. వాడు ఆఫీసు ముగించేసరికి నేను నిద్ర లేస్తుంటాను. ఇద్దరం ఒకేసారి కూర్చునే ఆటలు మాకు కుదరవు. వెస్‌నోత్ ఆన్‌లైన్‌లో ఆడొచ్చు గానీ ఆదివారం ఉదయం తప్ప వేరే సమయం దొరకదు, ఆ సమయంలో వాడింట్లో పిల్లలు పడుకునే వేళ.

మాకు పనికొచ్చింది 'ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ 2: మెడీవల్'. 2021లో వచ్చింది. నా వంతు ఆడి పంపిస్తే అది సర్వర్‌లో ఉంటుంది, వాడికి వీలైనప్పుడు తెరిచి తన వంతు ఆడతాడు. ఉత్తరాలతో చదరంగం ఆడేవారని పాత తరంవాళ్లు చెబుతారే, అదే పద్ధతి. దయ్యాలూ మంత్రాలూ ఏమీ లేవు, నిఖార్సయిన చరిత్ర. మూల ఆటలో 1040 నుంచి 1270 దాకా వాయువ్య, తూర్పు ఐరోపా సైన్యాలున్నాయి. 1066లో హేస్టింగ్స్ దగ్గర పోరాడిన నార్మన్లు, ఆంగ్లో-సాక్సన్లు, 1241లో తూర్పు ఐరోపా మీద పడ్డ మంగోలులు ఈ కాలంవాళ్లే.

ఇందులో ఊళ్లు, పంటలు, ఆదాయం లేవు. ఒక మైదానం, రెండు సైన్యాలు. సైనికులు ఎంతమంది చచ్చారన్నదానికంటే దళం గుండె నిబ్బరం ఎంత మిగిలిందన్నదే లెక్క. మొదట నిలకడగా ఉన్న దళం కాస్త చెదురుతుంది, ఇంకాస్త ముక్కలవుతుంది, చివరికి వెన్ను చూపిస్తుంది. అది పారిపోవడం చూసి పక్క దళానికీ వణుకు పుడుతుంది. సైన్యంలో 60 శాతం పారిపోతే ఓటమి. ఒకసారి నేను నా కుడివైపు బాగానే గెలుస్తున్నాననుకుని తరుముకుంటూ పోయాను. మధ్యలో ఈటెవాళ్ల గోడకు ఒకచోట చిల్లు పడింది. రెండు రోజుల తర్వాత తమ్ముడి వంతు వచ్చింది, తెరిచి చూస్తే నడుమ నాలుగు దళాలు లేవు. "అన్నయ్యా, వెనక్కి చూసుకోలేదేం?" అని వాట్సాప్‌లో ఒకే ముక్క పంపాడు.

నేర్చుకోవడానికి వెస్‌నోత్‌కంటే ఎక్కువ ఓపిక కావాలి, ఇద్దరూ చెరో కాపీ కొనాలి. చరిత్ర మీద మక్కువ ఉన్న పెద్దవాళ్లిద్దరికే చెబుతాను, పన్నెండేళ్ల పిల్లలకు చెప్పను. డబ్బు పెట్టకుండా ఇదే తీరులో ఆడాలంటే లీచెస్ అనే ఉచిత చదరంగం వెబ్‌సైటులో ఉత్తరాల చదరంగం ఉంది. ఒక్కో ఎత్తుకు రోజుల గడువు పెట్టుకోవచ్చు, ప్రకటనల బెడద లేదు. అది కూడా రాజు, మంత్రి, గుర్రం, ఏనుగుల యుద్ధమే కదా.

'మెడీవల్ 2: టోటల్ వార్' గురించి ఒక్క మాట. 2006 నాటిది, మరుసటి ఏడాది వచ్చిన విస్తరణలో హాట్ సీట్ కూడా ఉంది. అద్భుతమైన ఆట. కానీ ఇద్దరికి, సులభంగా, ఒక సాయంత్రానికి అన్న మూడు మాటల్లో రెండో, మూడో మాటలకు అది ఆమడ దూరం.

కొనబోయే ముందు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఆట పేజీ కుడివైపు చిన్న అక్షరాల జాబితా చదవండి. 'షేర్డ్/స్ప్లిట్ స్క్రీన్ పీవీపీ' (పీవీపీ అంటే మనిషికీ మనిషికీ పోటీ) అని ఉంటే ఒకే కంప్యూటర్ మీద ఇద్దరూ ఆడొచ్చు, ఉత్త 'ఆన్‌లైన్ పీవీపీ' అని మాత్రమే ఉంటే చెరో కాపీ తప్పదు. పొరపాటున కొనేస్తే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. నాకు ఈ సంగతి తెలిసేసరికి మా వాడికి బడులు కూడా తెరిచేశారు.